పట్టీలు చప్పుడు చేస్తాయని పాప భయం

టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఒక ఊరి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు ఇద్దరు పిల్లలు. బాబుకు పద్నాలుగేళ్లు, ఈ ఏడే హైస్కూల్లో చేరాడు. పాపకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. దసరాకు ముందు అత్తగారు, మామగారు విజయవాడ నుంచి సందర్శకుల వీసా మీద వచ్చారు. వస్తూ మనవరాలికి మువ్వల పట్టీలు తెచ్చారు. పాప మురిసిపోయి రెండు రోజులు ఇల్లంతా గలగలలాడించింది. మూడో రోజు బడికి బయలుదేరే ముందు వాటిని విప్పేసి బల్ల మీద పెట్టింది. ఎందుకమ్మా అని నానమ్మ అడిగితే, "ఇవాళ లాక్‌డౌన్ డ్రిల్ ఉంది. చీకట్లో దాక్కున్నప్పుడు ఇవి చప్పుడు చేస్తే వాడికి వినబడుతుంది" అంది. తుపాకీతో ఎవరైనా బడిలోకి చొరబడితే ఎలా దాక్కోవాలో పిల్లలకు చేయించే అభ్యాసం అది. ఆ "వాడు" ఎవరని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది. అత్తగారు ఆ పూట అన్నం తినలేదట.

రెండో సంగతి. 2023 మే 6న వాళ్ల ఇంటికి పావుగంట దూరంలో, అలెన్‌లోని షాపింగ్ మాల్‌లో ఒక దుండగుడు ఎనిమిది మందిని కాల్చి చంపాడు. చనిపోయినవారిలో హైదరాబాదు నుంచి వెళ్లి ఉద్యోగం చేసుకుంటున్న ఒక యువ ఇంజినీరు కూడా ఉంది. ఆ వేసవిలోనే ఈమె భర్త ఒక పిస్తోలు కొన్నారు. అప్పటికి గ్రీన్ కార్డులు చేతికి వచ్చాయి కాబట్టి అడ్డేమీ రాలేదు. తూటాలు నింపి మంచం పక్క సొరుగులో ఉంచుతారు. "అర్ధరాత్రి ఎవడైనా జొరబడితే తాళంచెవి వెతుక్కుంటూ కూర్చోవాలా?" అన్నది ఆయన వాదన. ఈమె ఆ మాటెత్తిన ప్రతిసారీ గొడవే. మొన్న మామగారు ఆ పిస్తోలు చేతపట్టి ఫోటో దిగి బంధువుల వాట్సాప్ గుంపులో పెట్టారు. అది చూసి గుంటూరులో ఉన్న ఈమె తండ్రి ఫోను చేసి, "పిల్లల్ని తీసుకుని వచ్చేయండమ్మా" అన్నారు.

ఆమె అడుగుతున్నవి ఇవి. పిస్తోలు అమ్మేయమని పట్టుబట్టాలా? అన్నీ వదిలి వెనక్కి వచ్చేయాలా? పాపకు ఏం చెప్పాలి? బడిపిల్లలు ఇలా చనిపోతుంటే ఆ దేశంలో తుపాకుల చట్టాలు ఎందుకు మారవు, దాని గురించి తమలాంటివాళ్లు నోరు విప్పవచ్చా? "బయటి నుంచి వచ్చినవాళ్లం, మనకెందుకు" అని భర్త అంటున్నారు.

సంతకానికి ముందు మరో ముక్క ఉంది. "బాబు కూడా ఈ మధ్య మాటలు తగ్గించాడు. అన్నం గదిలోకి తీసుకెళ్లి తింటున్నాడు. మొన్న ఏదో కోపంలో, నేను లేకపోయినా ఈ ఇంట్లో ఎవరికీ తేడా తెలియదు అన్నాడు. వయసు ప్రభావం అనుకుంటున్నాను. వచ్చే శుక్రవారం రాత్రి స్నేహితుడి ఇంట్లో పడుకుంటానంటున్నాడు. ఆ అబ్బాయి వాళ్ల నాన్నకు వేట అలవాటు, ఇంట్లో తుపాకులు చాలా ఉన్నాయట. పంపాలో వద్దో తెలియడం లేదు."

సమాధానం

అమ్మా,

మీ ఉత్తరంలో బడి ముందు వచ్చింది, ఆ తర్వాత పిస్తోలు, ఆ తర్వాత ఇండియా. బాబు సంగతి చివర్లో, మరిచిపోయి మళ్లీ గుర్తొచ్చినట్టు వచ్చింది. నేను చివరి నుంచి మొదలుపెడతాను. ఆ నాలుగైదు వాక్యాలు చదివిన తర్వాత మిగతా ఉత్తరమంతా నాకు వేరే రకంగా కనబడింది.

"నేను లేకపోయినా ఎవరికీ తేడా తెలియదు" అన్న మాటను వయసు ఖాతాలో వేసి వదిలేయకండి. అది కోపంలో జారిన మాటే కావచ్చు, చాలాసార్లు అంతే అవుతుంది. హైస్కూలు కొత్త, స్నేహాలు కొత్త, పద్నాలుగేళ్ల వయసు. కానీ అది కోపమో బాధో ఊహించి తేల్చుకునేది కాదు, అడిగి తెలుసుకోవలసింది. ఈ రోజే అడగండి. కారులో పక్కన కూర్చోబెట్టుకుని వెళ్తున్నప్పుడు అడగడం సులువు, కళ్లలోకి చూడనక్కర లేదు. "ఆ రోజు నువ్వు అన్న మాట నా మనసులోంచి పోవడం లేదు నాన్నా. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని మన పెద్దవాళ్లు భయపడతారు. అలా జరగదు. ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూసే పిల్లలు చాలామంది ఉంటారు. అడిగాక తొందరపడి ధైర్యం చెప్పకండి, వాడు చెప్పేది పూర్తిగా వినండి. అవుననో, ఏమోననో అంటే ఆ రాత్రి వాణ్ణి ఒంటరిగా వదలకండి. 988 నంబరుకు ఫోను చేసినా, సందేశం పంపినా అక్కడ పగలూ రాత్రీ సహాయం దొరుకుతుంది. తల్లి తన బిడ్డ కోసం కూడా చేయవచ్చు. మీ పిల్లల వైద్యుణ్ణి, బడిలోని కౌన్సెలర్‌ను మర్నాడే కలవండి. అవుననకపోయినా ఈ వారంలో ఒకసారి కలవడం మంచిది.

ఇక సొరుగు. అమెరికాలో ఏటా తుపాకీతో పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. వార్తల్లో బడులు, మాల్‌లు కనబడతాయి, ఇవి కనబడవు. ప్రాణం తీసుకోవాలన్న తీవ్రత చాలామందిలో కొద్ది నిమిషాలో, కొన్ని గంటలో ఉండి తగ్గిపోతుంది. ఆ కాసేపు చేతికి ఏం దొరుకుతుందన్న దాని మీదే బతుకు నిలబడుతుంది. తుపాకీ దొరికితే రెండో అవకాశం ఉండటం అరుదు. బాబుకు ఆ సొరుగు సంగతి తెలియదని మీరు అనుకుంటున్నారేమో. అమెరికాలో పరిశోధకులు తల్లిదండ్రులనూ పిల్లలనూ విడివిడిగా కూర్చోబెట్టి అడిగినప్పుడు, మా పిల్లలకు చోటు తెలియదన్నవారి పిల్లల్లో చాలామంది ఆ చోటు చెప్పేశారు. మీ ఇంట్లో తాతగారు దానితో ఫోటో కూడా దిగారు.

బాబు ఎవరికో హాని చేస్తాడని నేను అనడం లేదు. మాట తగ్గించిన పిల్లవాణ్ణల్లా అనుమానించడం ఆ పిల్లవాడికి చేసే అన్యాయం. దాడిచేసే విద్యార్థి ఇలా ఉంటాడని చెప్పే మూస ఏదీ లేదని, అమెరికాలో దేశాధ్యక్షుడి రక్షణ చూసే సీక్రెట్ సర్వీసే ఎన్నో ఏళ్లు అధ్యయనం చేసి తేల్చింది. కానీ అదే సంస్థ ఇంకొకటి కూడా చెప్పింది. 2008 నుంచి 2017 వరకు బడుల్లో విద్యార్థులు చేసిన 41 దాడులను 2019లో పరిశీలించినప్పుడు, తుపాకీ వాడినవారిలో నాలుగింట మూడు వంతుల మందికి అది తల్లిదండ్రుల ఇంట్లోనో, దగ్గరి బంధువుల ఇంట్లోనో దొరికింది. 2012 డిసెంబరు 14న కనెటికట్ రాష్ట్రంలోని శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో ఇరవై మంది చిన్నపిల్లలను, ఆరుగురు పెద్దవాళ్లను చంపిన యువకుడు వాడినవి అతని తల్లి చట్టప్రకారం కొన్న తుపాకులు. మొదట చంపింది ఆమెనే. 2018 మే నెలలో మీ టెక్సాస్‌లోనే శాంటా ఫే హైస్కూల్లో పది మందిని చంపిన పదిహేడేళ్ల కుర్రవాడు తెచ్చినవి తండ్రి తుపాకులు.

మీ పాప చీకట్లో ఊహించుకుంటున్న ఆ "వాడు" చాలాసార్లు ఎక్కడి నుంచో రాడమ్మా. ఆ బడిలోనే చదివే పిల్లవాడు, ఆ ఊళ్లోనే ఏదో ఒక ఇంటి సొరుగు తెరుచుకుని వస్తాడు. పాప పట్టీలు విప్పడం, ఆయన మంచం పక్క సొరుగు, బాబు మౌనం మీకు మూడు వేర్వేరు సమస్యలుగా కనబడుతున్నాయి. నాకు మాత్రం మూడింట్లోనూ ఒకే ప్రశ్న కనబడుతోంది. మనసు చెదిరిన ఒక గంటలో ఒక పిల్లవాడి చేతికీ తుపాకీకీ మధ్య ఎంత దూరం ఉంది? దేశంలో జరుగుతున్న వాదం కూడా చివరికి ఈ దూరం గురించే.

మిషిగన్ రాష్ట్రంలో ఆక్స్‌ఫర్డ్ అనే ఊరి కథ మీకు తప్పక చెప్పాలి. 2021 నవంబరు చివర్లో ఒక తండ్రి తన పదిహేనేళ్ల కొడుకు కోసం, క్రిస్మస్ కానుకగా ముందే ఒక పిస్తోలు కొన్నాడు. నాలుగు రోజుల తర్వాత, నవంబరు 30 ఉదయం, ఆ అబ్బాయి లెక్కల కాగితం మీద తుపాకీ బొమ్మ, నెత్తురోడుతున్న మనిషి బొమ్మ వేసి, ఆలోచనలు ఆగడం లేదు, సాయం చేయండి అని రాసుకున్నాడు. టీచరు చూసింది. బడివాళ్లు తల్లిదండ్రులను పిలిపించారు. వాళ్లు వచ్చారు, కూర్చున్నారు, కొడుకును ఇంటికి తీసుకెళ్లకుండానే పనులకు వెళ్లిపోయారు. ఇంట్లో పిస్తోలు ఉందని ఒక్క మాట చెప్పలేదు. ఎవరూ సంచి తెరిచి చూడలేదు. మధ్యాహ్నానికి ఆ పిల్లవాడు నలుగురు తోటి విద్యార్థులను చంపేశాడు. 2024లో వేర్వేరు విచారణల్లో తల్లి, తండ్రి ఇద్దరూ దోషులని తేలింది. ఇద్దరికీ పదేళ్ల నుంచి పదిహేనేళ్ల జైలు శిక్ష పడింది. బడిలో పిల్లవాడు చేసిన సామూహిక హత్యకు తల్లిదండ్రులు ఇలా శిక్షపడి జైలుకు వెళ్లడం ఆ దేశంలో అదే మొదటిసారి. వాళ్లు రాక్షసులని నేను అనుకోను. ఆ గదిలో కూర్చున్నప్పుడు నోటిదాకా వచ్చిన మాటను వాళ్లు ఎందుకు మింగేశారో అని నాకు ఎన్నోసార్లు అనిపించింది.

మీ రాష్ట్ర చట్టం కూడా చూడండి. తుపాకుల విషయంలో టెక్సాస్‌కు ఎంత ఉదారమైన పేరున్నా, పేలడానికి సిద్ధంగా ఉన్న తుపాకీ పెద్దవాళ్ల నిర్లక్ష్యం వల్ల పదిహేడేళ్లలోపు పిల్లవాడి చేతికి చిక్కితే అది అక్కడ నేరం. దానివల్ల ఎవరికైనా ప్రాణం పోతే, తీవ్రంగా గాయమైతే శిక్ష ఇంకా పెరుగుతుంది. మామగారి ఫోటో సంగతి అంతకన్నా సున్నితమైనది. సందర్శకుల వీసా మీద వచ్చినవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండకూడదని అక్కడి కేంద్ర చట్టం చెబుతోంది. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. సరదాకు చేతపట్టినా ఆ నిషేధం కిందికి రావచ్చు, పైగా సాక్ష్యం ఆయనే పంచిపెట్టారు. ఆయన్ని కించపరచకుండా, భర్త ద్వారానే ఈ విషయం చెప్పించండి. ఇంకోసారి అది ముట్టుకోకూడదు. ఇబ్బంది వస్తుందేమోనని అనుమానముంటే ఇమిగ్రేషన్ లాయరును ఒక్కసారి అడగండి.

ఇప్పుడు మీవారి విషయం. ఆయన మూర్ఖంగా మాట్లాడుతున్నారని మీకు అనిపిస్తోంది. నాకు ఆయన భయపడుతున్నట్టు కనబడుతోంది. తమ ఊరి మాల్‌లో, తమ భాష మాట్లాడే అమ్మాయి, తాము నడిచే దారిలో నడుస్తూ చనిపోయింది. ఆ వారం ఆయన నిద్రపోయారా? మీరు అడిగారా? పాప పట్టీలు విప్పింది, ఆయన పిస్తోలు కొన్నారు. ఇద్దరినీ కదిలించింది ఒకే భయం. అందుకే "నీ పిస్తోలు" అని మొదలుపెట్టకండి. బాబు అన్న మాటతో మొదలుపెట్టండి. అత్తమామలు నిద్రపోయాక, తలుపు వేసుకుని, "వాడు ఇలా అన్నాడు, నాకు భయంగా ఉంది" అని చెప్పండి. ఈ మాట మీరు ఆయనకు ఇంతవరకు చెప్పలేదని మీ ఉత్తరాన్ని బట్టి ఊహిస్తున్నాను.

అప్పుడు మీ ముందు మూడు దారులుంటాయి. ఏది ఎంచుకోవాలో మీరిద్దరూ తేల్చుకోవాలి.

అమ్మేయడం ఒకటి. పిల్లల క్షేమం ఒక్కటే చూస్తే ఇదే మేలు. అమ్మితే లైసెన్సు ఉన్న దుకాణానికే అమ్మండి. టెక్సాస్‌లో ఒక వ్యక్తి మరో వ్యక్తికి అమ్మేటప్పుడు కొనేవాడి నేరచరిత్ర తనిఖీ తప్పనిసరి కాదు, మీ పిస్తోలు ఎవరి చేతికి పోతుందో మీకు తెలియదు. కానీ మీరు పట్టుబట్టి, అలిగి అమ్మిస్తే ఆయన భయం అలాగే ఉండిపోతుంది. ఏడాది తిరిగేసరికి మీకు చెప్పకుండా ఇంకొకటి కొనవచ్చు. మీకు తెలియని చోట ఉన్న తుపాకీ మరీ ప్రమాదం.

రెండోది, కొన్నాళ్లు ఇంటి నుంచి బయటకు పంపడం. బాబు మనసు తేటపడేదాకా, పిల్లలు లేని, తాళం ఉన్న స్నేహితుడి ఇంట్లోనో, అద్దెకు భద్రపరిచే తుపాకీ దుకాణంలోనో ఉంచడం. తీసుకునేవారు చట్టప్రకారం తుపాకీ ఉంచుకోగలిగినవారై ఉండాలి, వీసా మీద ఉన్న స్నేహితులకు ఇవ్వకండి. ఆయన ఓడిపోయినట్టు కాదు, మీరు గెలిచినట్టూ కాదు. బాబు అడిగిన దానికి అవునన్నా, నీళ్లు నమిలినా మిగతా రెండు దారుల గురించి చర్చ వద్దు. ఆ రాత్రే పిస్తోలు ఇల్లు దాటాలి.

మూడోది, ఇంట్లోనే ఉంచి తాళం వేయడం. అంకెలతోనో వేలిముద్రతోనో తెరుచుకునే చిన్న ఇనుప పెట్టెలు ఉన్నాయి. తెరవడానికి కొద్ది సెకన్లు చాలు. తాళంచెవి వెతుక్కోవాలన్న ఆయన అభ్యంతరానికి అదే జవాబు. తూటాలు తీసి వేరే చోట తాళం వేస్తే ఇంకా మంచిది. తుపాకీ లోపలి నుంచి దూర్చి బిగించే కేబుల్ తాళాలను చాలా ఊళ్లలో పోలీసులే ఉచితంగా ఇస్తారు. అయితే పెట్టె అంకెలు పాప పుట్టినరోజో, మీ పెళ్లిరోజో కాకూడదు, పద్నాలుగేళ్ల పిల్లవాడు మొదట నొక్కేవి అవే. పెద్దవాళ్లకు కూడా అది ఆటవస్తువు కాదని గుర్తుంచుకోవాలి. 2024 నవంబరులో అట్లాంటాలో ఉంటున్న తెలంగాణ విద్యార్థి ఒకరు, తన పుట్టినరోజునాడే, శుభ్రం చేస్తున్న తన తుపాకీ పేలి చనిపోయాడు. ఆ తల్లిదండ్రులకు ఆ కబురు ఎలా అందిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టు అవుతుంది.

ఆయన లేనప్పుడు మీరే తీసి దాచడం, పారేయడం మాత్రం చేయకండి. తుపాకీ పట్టడం తెలియని చేతిలో అది పేలవచ్చు, మీ మధ్య నమ్మకమూ పోతుంది.

ఇండియాకు రావడం గురించి. మీ నాన్నగారి గొంతులోని వణుకు నాకు అర్థమైంది. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేనిదే తుపాకీ ఉంచుకోకూడదు, ఆ లైసెన్సు దొరకడమూ కష్టమే. బడిలో కాల్పులన్న భయంతో ఇక్కడ ఏ తల్లీ నిద్ర లేవదు. ఈ తేడా చిన్నది కాదు, దాన్ని తక్కువ చేసి చెప్పను. కానీ బాబు తొమ్మిదో తరగతిలో ఉన్నాడు. తెలుగు మాట్లాడతాడు, రాయగలడా? ఒకటిరెండేళ్లలో మన ఇంటర్ చదువుల రంగంలోకి దిగాలి. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు తప్పులతడకగా వెలువడినప్పుడు ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఇప్పటికే మౌనంలోకి జారుతున్న పిల్లవాణ్ణి ఆ ఒత్తిడిలోకి దించే ముందు వాణ్ణి అడగాలి, వాడి వైద్యుణ్ణి అడగాలి. మీకు రావాలనే ఉంటే రండి, నిండు మనసుతో, ఏడాది ముందు నుంచి సిద్ధపడి రండి. ఒక ఫోటో చూసి వచ్చిన ఫోనుతో మాత్రం వద్దు. ఆ దేశంలో హత్యకు గురయ్యే బడి వయసు పిల్లల్లో బడిలో చనిపోయేవారు నూటికి ముగ్గురి కన్నా తక్కువ. ఈ లెక్క చెబితే మీ గుండె దడ తగ్గదని నాకు తెలుసు. అయినా ఇంత పెద్ద నిర్ణయం తీసుకునేటప్పుడు దాన్ని కూడా పక్కన పెట్టుకోవాలి.

పాప సంగతికి వస్తాను. ఆ చిన్నది భయపడింది కానీ బెదిరిపోలేదు. తనకు నేర్పినదాన్ని తన పట్టీలకు అన్వయించుకుంది. తలుపు తాళం వేయి, దీపం ఆర్పు, కనబడకుండా ఉండు అని అక్కడ పిల్లలకు నేర్పుతారు. పట్టీలు చప్పుడు చేస్తాయని దానికి ఎవరూ విడిగా చెప్పనక్కర లేకపోయింది. "అలాంటిదేమీ జరగదులే" అని మీరు కొట్టిపారేస్తే, జరగనిదాని కోసం బడిలో చీకట్లో ఎందుకు కూర్చోబెడుతున్నారని దానికి అనుమానం వస్తుంది, మీతో చెప్పడం మానేస్తుంది. "నీకేం భయం వేసింది, చెప్పు" అని అడగండి. "ఇది చాలా అరుదుగా జరుగుతుంది. నిన్ను కాపాడటం పెద్దవాళ్ల పని, నీ పని కాదు. టీచరు చెప్పినట్టు చేస్తే చాలు" అని చెప్పండి. పట్టీలు వేసుకోమని బలవంతం చేయవద్దు, భద్రంగా ఉంటాయని లాకరులో పెట్టేయవద్దు. ఇంట్లో దానికి అందే చోట ఉంచండి. డ్రిల్ లేని రోజున తనంతట తాను వేసుకుంటుందేమో చూడండి. బడివారిని ఒకటి అడగండి. దుండగుడిలా నటించే మనుషులతో, ఉత్తుత్తి కాల్పుల శబ్దాలతో ఏదైనా అభ్యాసం చేయిస్తే ముందుగా తల్లిదండ్రులకు తెలపాలని, పిల్లల వయసుకు తగ్గట్టు ఉండాలని 2021లో టెక్సాస్ చట్టం తెచ్చింది. వాళ్ల బడిలో ఎలా చేస్తున్నారో తెలుసుకునే హక్కు మీకుంది.

ఇక చట్టాలు ఎందుకు మారవన్న ప్రశ్న. పూర్తిగా మారలేదనడం సరికాదు, నత్తనడకన మారుతున్నాయి. ఆయుధాలు కలిగి ఉండే హక్కును 1791లో రాజ్యాంగంలో చేర్చారు. అది ప్రతి పౌరుడి వ్యక్తిగత హక్కు అని 2008లో వాళ్ల సుప్రీంకోర్టు తేల్చింది. శాండీ హుక్ పసిపిల్లలు పోయిన తర్వాత కూడా, కొనేవారి నేరచరిత్ర తనిఖీని విస్తరించే ప్రతిపాదనకు 2013 ఏప్రిల్‌లో సెనేట్‌లో 54 ఓట్లే వచ్చాయి. అక్కడి పద్ధతి ప్రకారం 60 కావాలి. సగానికి పైగా ఒప్పుకున్నా ఓడిపోయింది. 2018లో ఫ్లోరిడా రాష్ట్రంలోని పార్క్‌లాండ్ అనే ఊళ్లో ఒక హైస్కూల్లో పదిహేడు మంది చనిపోయాక, బతికిన పిల్లలు రోడ్డెక్కారు. మూడు వారాల్లో ఆ రాష్ట్రంలో, మామూలుగా తుపాకీ హక్కుల వైపు నిలిచే రిపబ్లికన్ పార్టీ గవర్నరే తుపాకీ కొనే వయసును ఇరవై ఒకటికి పెంచే చట్టంపై సంతకం చేశారు. మీ రాష్ట్రం వేరే దారిన నడిచింది. 2021 సెప్టెంబరు నుంచి అక్కడ బయట పిస్తోలు వెంట ఉంచుకోవడానికి అనుమతి పత్రమే అక్కర లేదు. 2022 మే 24న యువాల్డీలో, అప్పుడే పద్దెనిమిది నిండి చట్టబద్ధంగా రైఫిళ్లు కొన్న కుర్రవాడు పంతొమ్మిది మంది పిల్లలను, ఇద్దరు టీచర్లను చంపాడు. ఆ పిల్లల తల్లిదండ్రులు ఏడాదిపాటు శాసనసభ చుట్టూ తిరిగారు. మీ అలెన్ కాల్పులు జరిగిన రెండు రోజులకు, వయోపరిమితి పెంచే బిల్లు సభా కమిటీని దాటింది. అక్కడి నుంచి ముందుకు కదలలేదు.

తుపాకీ ఉంచుకునేవారు చెప్పేదీ వినాలి. మీ పొరుగువారు వాళ్లే, బాబు స్నేహితుడి తండ్రీ వాళ్లలో ఒకరు. యువాల్డీలో పోలీసులు తరగతి గదిలోకి వెళ్లడానికి 77 నిమిషాలు పట్టింది, మరి మా పిల్లల్ని మేం కాపాడుకోవద్దా అని వాళ్లు అడుగుతారు. చట్టాలు బిగించాలనేవారు అదే ఘటన చూపించి, దాదాపు నాలుగు వందల మంది ఆయుధధారులైన పోలీసులు చేరినా ఆ రైఫిల్ ఎదుట తటపటాయించారంటే మంచివాడి చేతి తుపాకీ మీద ఎంతని నమ్మకం పెట్టుకుంటారని అడుగుతారు. నా అభిప్రాయం దాచను. పద్దెనిమిదేళ్ల కుర్రవాడు పుట్టినరోజు దాటగానే అలాంటి రైఫిల్ కొనగలగడం తప్పు. ఇంట్లో పిల్లలుంటే తుపాకీకి తాళం తప్పనిసరి చేయాలి. 1996లో ఆస్ట్రేలియాలో పోర్ట్ ఆర్థర్ మారణకాండ తర్వాత ఆ దేశం ఆరు లక్షలకు పైగా తుపాకులను ప్రజల నుంచి వెనక్కి కొన్నది. అదే ఏడాది స్కాట్లాండ్‌లో డన్‌బ్లేన్ బడిలో పదహారు మంది పిల్లలు చనిపోయాక బ్రిటన్ పిస్తోళ్లను దాదాపుగా నిషేధించింది. అమెరికాలో మనుషుల కన్నా తుపాకులు ఎక్కువ, రాజ్యాంగం వేరు, అదే దారి అక్కడ కుదరదు. అందుకే తాళం, వయసు, తనిఖీ వంటి చిన్న మాటల మీదే అక్కడ పోరాటమంతా జరుగుతోంది.

మీరు నోరు విప్పవచ్చా? విప్పవచ్చు. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఓటు లేదు, పొరపాటున కూడా ఓటరుగా నమోదు కావద్దు, అది పెద్ద చిక్కు. కానీ మీ పిల్లలు చదివే బడి మీద మాట్లాడటానికి ఓటు అక్కర లేదు. తుపాకులను ఎలా భద్రపరచాలో తల్లిదండ్రులకు బడులు తెలియజేయాలని 2023 నాటి టెక్సాస్ చట్టమే చెబుతోంది. మీకు ఆ సమాచారం అందిందా? అందకపోతే బడివారిని అడగండి. పాలక మండలి సమావేశంలో రెండు నిమిషాలు మాట్లాడవచ్చు. దీనివల్ల మీవారి ఆఫీసులో, మీ కాలనీలో కొందరు ముఖం తిప్పుకోవచ్చు, అదీ లెక్కలో ఉంచుకోండి. "మనకెందుకు" అన్న మాటకు నా దగ్గర పెద్ద జవాబేమీ లేదు. ఆ బడిలో చీకట్లో కూర్చునేది మన పాపే.

చివరగా శుక్రవారం. ముందు బాబుతో మాట్లాడండి. వాడి జవాబు మీకు ఏ కొంచెం కలవరం కలిగించినా ఈసారి పంపకండి, కారణం దాచకుండా వాడికే చెప్పండి. మనసు కుదుటపడితే ఆ అబ్బాయి తల్లికి ఫోను చేయండి. కుక్క ఉందా, ఈతకొలను ఉందా అని అక్కడ తల్లులు అడుగుతుంటారు. అదే గొంతుతో, "మీ ఇంట్లో వేట తుపాకులు ఉన్నాయని మావాడు చెప్పాడు. అవి తాళం వేసి ఉంటాయా, తూటాలు వేరుగా ఉంటాయా?" అని అడగండి. పిల్లల వైద్యులు కూడా ఇలా అడగమనే చెబుతారు. వేటగాళ్లలో చాలామంది జాగ్రత్తపరులు, ఆమె నొచ్చుకోకుండానే జవాబిస్తుంది. దాటవేస్తే మీకు కావలసిన జవాబు దొరికినట్టే. అడగడానికి మరీ మొహమాటమైతే ఆ అబ్బాయినే మీ ఇంటికి పిలవవచ్చు. కాకపోతే అప్పుడు అతని తల్లి ఫోను చేసి మిమ్మల్ని ఇదే ప్రశ్న అడిగితే, ఆ వేళకు మీ మంచం పక్క సొరుగులో ఏముంటుందో చూసుకోండి.